నడుం నొప్పితో పాటు ఇంకేం వచ్చింది?

పోయిన నెల మోకాళ్ల గురించి రాస్తూ చివర్లో "నడుం నొప్పి సంగతులు కూడా అడగండి" అని ఒక ముక్క కలిపాను. వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చదవడానికి కూర్చుంటే నా నడుమే పట్టేసింది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు, 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి ఈ బాధ ఉందని లెక్క కట్టారు. మన నల్గొండ, పాలమూరు పనులు చూస్తేనే తెలుస్తుంది: వంగి నాట్లు వేసుడు, పత్తి ఏరుడు, మట్టి తట్ట, మగ్గం గుంట, ఆటో సీటు.

నడుం నొప్పితో డాక్టర్ దగ్గరికొచ్చే నూరు మందిలో 85, 90 మందికి అది కండరాలు, కీళ్లు, అరిగిన డిస్కులు (పూసల మధ్య ఉండే మెత్తలు) తెచ్చే మామూలు నొప్పే, ఎక్కువ మందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. మిగిలిన కొద్దిమందిని పట్టుకోవడమే డాక్టర్ పని. దానికి "నొప్పి ఎంత ఉంది" అన్న ప్రశ్న పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఉత్తగా నడుం పట్టేసినవాడు కేకలు పెడుతూ వస్తాడు, వెన్నుపూస లోపల చీము పట్టినవాడు ఒక్కోసారి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చుంటాడు. అందుకే నేను అడిగేది వేరే, నొప్పితో పాటు ఇంకేం వచ్చింది అని. కింది జవాబులన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతాయి.

ప్రశ్న: సార్, నాకు 38 ఏండ్లు, డీసీఎం నడుపుత. రెండు నెలల సంది నడుం నొప్పి, ఎడమ కాలు గుంజుతుండె. నాలుగు రోజుల సంది రెండు కాళ్లకు పాకింది. సీట్ల కూసుంటే కింద ఏం తెలుస్తలేదు, మొద్దుబారినట్టుంది. ఒంటేలు కూడ ముక్కితే గాని వస్తలేదు. ఊర్లె సూదులు ఏయించుకున్న. బెడ్ రెస్ట్ ఎన్ని రోజులు తీసుకోవాలె? (మిర్యాలగూడ దగ్గరి ఊరు)

జవాబు: ఈ మెసేజ్ నేను రాత్రి తొమ్మిదింటికి చూశాను. దీనికి జవాబు రాయలేదు, ఫోన్ చేశాను. "బెడ్ రెస్ట్ మాట పక్కన పెట్టు తమ్ముడూ, బండి మాట్లాడుకో, నువ్వు నడపకు, ఈ రాత్రికే పెద్దాసుపత్రికి పో" అన్నాను. పొద్దున పోతా సార్ అన్నాడు. అవతల వాళ్లావిడను ఫోన్‌లోకి పిలవమని అడిగి ఆవిడకు చెప్పాక గాని పని కాలేదు.

ఎందుకంత తొందర అంటే, మన వెన్నుపాము నడుం చివరిదాకా ఉండదు, నడుం మొదటి పూస దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు ఒక కట్టలా వేలాడుతుంటాయి, గుర్రం తోకలాగ. డాక్టర్లు పెట్టిన లాటిన్ పేరు కాడా ఈక్వైనా అంటే కూడా గుర్రపు తోకే. కాళ్లు, మూత్రం, విరేచనం, దాంపత్యం, వీటన్నిటి తీగలూ ఆ తోకలోనే ఉన్నాయి. పెద్ద డిస్క్ ముక్క ఒకటి జరిగి వచ్చి దాని మీద కూర్చుంటే ఆ తీగలు నలిగిపోతాయి. ఎంత సేపు నలిగితే అంత నష్టం. ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మంచిది, సాధారణంగా 48 గంటలు దాటనివ్వకూడదంటారు.

ఈ తమ్ముడి మెసేజ్‌లో మూడు సంగతులున్నాయి, మూడూ అతను మామూలుగా రాసేశాడు. ఒకటి, ఒక కాలి నొప్పి రెండో కాలికి పాకడం. రెండు, సైకిల్ సీటు తగిలే చోటంతా, అంటే తొడల లోపలి వైపు, మర్మాంగాల చుట్టూ, ఆసనం చుట్టూ మొద్దుబారడం. మూడు, మూత్రం. ఇక్కడ అందరూ పొరబడతారు. మూత్రం తెలియకుండా కారిపోతేనే ప్రమాదం అనుకుంటారు, కానీ ముందు వచ్చేది బిగింపే: నిండినట్టు తెలియదు, ముక్కాలి, ధార సన్నబడుతుంది, ఆ తర్వాత నిండిన కుండ పొర్లినట్టు కారడం మొదలవుతుంది. అప్పటికి ఆలస్యమే. ఆసుపత్రిలో మూత్రానికి పోయి వచ్చిన వెంటనే స్కానింగ్ చేసి సంచిలో ఎంత మిగిలిందో చూస్తారు, 200 మిల్లీలీటర్లకు మించి ఉంటే అనుమానం బలపడుతుంది. మొద్దుబారిన చోట సూది మొనతో గుచ్చి చూస్తారు, ఆసనంలో వేలు పెట్టి కండరం బిగువు చూస్తారు. సిగ్గుపడొద్దు. ఆ పరీక్ష చేసే డాక్టర్‌కు లేని సిగ్గు మీకెందుకు? ఎమ్మారై మాత్రం అదే రోజు కావాలి, వచ్చే వారం అపాయింట్‌మెంట్ కుదరదు.

తెల్లవారేసరికి హైదరాబాద్ చేరాడు, మర్నాడు ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తున్నాడు. మూత్రం ఇంకా పూర్తిగా అదుపులోకి రాలేదు, నెలలు పట్టొచ్చు. నాలుగు రోజుల ముందే రాసి ఉంటే అని ఆయన అడగలేదు, నేనూ అనలేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పోచంపల్లి, నేను 45 ఏళ్ల చేనేత పనివాణ్ణి. ఆరు వారాల నుంచి నడుం నొప్పి, కుడి కాలి పిక్కలోకి లాగుతుంది. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 డిస్క్ బల్జ్, నరం నొక్కుకుందని రాశారు. ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతుందన్నారు. నిజమేనా? మగ్గం ఎక్కకపోతే ఇల్లు గడవదు.

జవాబు: ముందు నాకొకటి చెప్పండి. ఆ మాట అన్న డాక్టర్ మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూశారా? మీ రిపోర్టు ఫొటోలు ఆరు పంపారు, పరీక్ష సంగతి ఒక్క ముక్క లేదు కాబట్టి చూడలేదనే అనుకుంటున్నాను. ఎమ్మారై ఫొటో తీస్తుంది, నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పదు. అసలు నొప్పే లేనివాళ్లకు తీసిన స్కాన్లన్నిటినీ పోగేసి 2015లో లెక్క చూస్తే, 20 ఏళ్ల వాళ్లలోనే నూటికి 30 మందికి డిస్క్ బల్జ్, అంటే డిస్క్ కాస్త ఉబ్బి బయటికి రావడం ఉంది, 80 ఏళ్లకు వచ్చేసరికి 84 మందికి ఉంది. తల నెరిసినట్టే ఇదీ. గుంట మగ్గం మీద ఇరవై ఏళ్లు కూర్చున్న మీకు లేకపోతేనే వింత.

మరి ఏం చూడాలి? వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు లేపితే, 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో మోకాలి కిందిదాకా కరెంటు పాకినట్టు లాగితే నరం రాపిడి నిజమే. ఉత్త తొడ వెనక పట్టేస్తే అది కండరం, దాన్ని లెక్క చేయం. మంచి కాలు ఎత్తినా చెడ్డ కాలు లాగితే డిస్క్ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. తర్వాత బలం: మడమల మీద నడవండి, బొటనవేలు పైకి లేపి పట్టుకోండి, డాక్టర్ నొక్కినా దిగకూడదు, అది ఎల్5, అంటే నడుం ఐదో నరం. మునివేళ్ల మీద పదిసార్లు లేవండి, అది దాని కింది నరం, ఎస్1. మోకాలి మీద, మడమ వెనక సుత్తితో తట్టి చూడాలి. ఇదంతా పది నిమిషాల పని, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. బలం బాగా ఉండి, రోజురోజుకీ తగ్గకుండా ఉంటే మీకు కాలు పడిపోయే తొందరేమీ లేదు. జరిగిన డిస్క్ ముక్కలు చాలామందిలో కొన్ని నెలల్లో వాటంతట అవే కుంచించుకుపోతాయి. బొటనవేలు లేవడం లేదు, నడుస్తుంటే పాదం నేలకు కొట్టుకుంటోంది అంటే మాత్రం సర్జన్ దగ్గరికి పోవాలి. కాలి నొప్పి ఇలాగే భరించలేనట్టు మూడు నెలలు సాగితే అప్పుడు ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు, అది బెదిరింపుగా కాదు, మీ ఇష్టంగా.

మంచం మీద పడుకోవడం రెండు రోజులు మించొద్దు. మగ్గం మీద గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. కడుపులో పుండు, బీపీ, కిడ్నీ తేడా ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. చెప్తున్నాను గానీ ఎంతమంది వింటారో నాకూ తెలుసు.

ప్రశ్న: అన్నా, నేను మక్తల్ దిక్కు నుంచి ముంబైకి బిల్డింగ్ పనికి పోయిన. నాలుగు నెలల సంది నడుం పైభాగంల నొప్పి, పండుకున్నా తగ్గదు. సాయంత్రం ఒళ్లు ఎచ్చగైతది. ఎనిమిది కిలోలు తగ్గిన. ఎక్స్‌రే మంచిగనే ఉందన్నరు. బరువులు మోసిన పట్టు అని మాలిష్ చేయించుకుంటున్న. వయసు 29. దగ్గు లేదు.

జవాబు: తమ్ముడూ, మాలిష్ ఆపెయ్. బరువు మోసి వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గాలి, ఒళ్లు వెచ్చబడకూడదు, ఎనిమిది కిలోలు తీసుకుపోకూడదు. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే ముందు వెన్నుపూస టీబీ కాదని తేల్చుకోవాలి. దగ్గు లేదని నువ్వు ధైర్యంగా ఉన్నట్టున్నావు. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందని ఎవరో చెప్పి పోయారు, అది రక్తంలో ఎక్కి ఎక్కడైనా దిగుతుంది. ఎముకలకు వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నుకే వస్తుంది, అందులోనూ వీపు, నడుము కలిసే చోటంటే దానికి ఇష్టం. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు, ఇరుకు గదుల్లో పది మంది కలిసి పడుకునే వలస కూలీల బతుకు దానికి బాగా కలిసొస్తుంది.

ఇది కొత్త జబ్బేం కాదు. లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1779లోనే వీపు గూని తేలి కాళ్లు చచ్చుబడే ఈ జబ్బు గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. మొదట రెండు పూసల మధ్య డిస్క్ సన్నబడుతుంది, పూసలు తినేయబడతాయి, ముందువైపు కుంగి వెనక్కి చిన్న బుడిపె తేలుతుంది. వేలితో వెన్ను వెంట రాసుకుంటూ పోతే తగులుతుంది, మీ అమ్మతోనో అన్నతోనో ఈ రోజే చూపించుకో, ఒక పూస మీద మెల్లగా పిడికిలితో తడితే అక్కడే జివ్వుమంటుందేమో కూడా చూడమను. చీము కండరం వెంట దిగి గజ్జల్లో గడ్డలా తేలడం కూడా ఉంది, నొప్పి లేని, వేడి లేని గడ్డ. మొదట్లో ఎక్స్‌రే మంచిగానే కనబడుతుంది, పూస బాగా దెబ్బతిన్నాక గాని అందులో తెలియదు. అందుకని ఎక్స్‌రే మంచిగుంది అన్న మాట పట్టుకుని కూర్చోవద్దు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు (ఒంట్లో వాపు ఉందో చెప్పేవి), ఎమ్మారై, ఆ తర్వాత సూదితో ముక్క తీసి టీబీ క్రిమిని పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష. ముక్క తీయడం ఎందుకు అంటావేమో, మామూలు మందులకు లొంగని టీబీ అయితే అందులోనే బయటపడుతుంది. షుగర్, హెచ్‌ఐవీ కూడా చూస్తారు.

మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. వెన్నుకైతే కనీసం ఏడాది వాడాలి, కొందరికి ఏడాదిన్నర. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్నాక మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, దానికి భయపడి మందు మానేసినవాళ్లను చూశాను. పోషకాహారం కోసం నెలకు 500 ఇచ్చే డబ్బును 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలు చేశారు, బ్యాంకు ఖాతా నెంబరు ఇచ్చి రా. చాలామందికి మందులతోనే తగ్గిపోతుంది. కాళ్లు బిగుసుకుపోతున్నా, నడకలో తూలుతున్నా ఆపరేషన్ అవసరం పడొచ్చు, అది కనబడితే ఆ రోజే పోవాలి.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి ఇక్కడ. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో మట్టి పని చేసే ఒకామెకు రెండు నెలలు నొప్పి మాత్రలు, విటమిన్లు రాశాను. జ్వరం ఉందా అని అడిగాను, లేదంది. రాత్రి చెమటలు పడుతున్నాయా అని అడగలేదు. మూడోసారి గోడ పట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి నడుం నొప్పి అని వచ్చిన ప్రతివాళ్లనూ తూకం మిషన్ ఎక్కిస్తాను, వాళ్లకు విసుగొచ్చినా సరే.

ప్రశ్న: మేము గొర్లు కాసేటోళ్లం, దేవరకొండ దగ్గర తండా పక్కన ఊరు. మా ఆయనకు 50. జ్వరం వారం వస్తది, పోతది. చెమటతో బట్టలు తడుస్తయి, నడుం కింద పిర్ర కాడ నొప్పి, కీళ్లు కూడ. టైఫాయిడ్ అని రెండుసార్లు మందులు వాడినం.

జవాబు: అమ్మా, పైన మక్తల్ తమ్ముడికి చెప్పిందంతా చదవండి, మీ ఆయన విషయంలో ఇంకో పేరు కూడా చేర్చుకోవాలి: బ్రుసెల్లోసిస్. గొర్రెలు, మేకలు, పశువుల నుంచి వస్తుంది. ఈనేటప్పుడు చేతులు పెట్టి పిల్లను లాగుతారు కదా, నెలలు నిండకుండా పిల్లను వేసిన గొర్రె మాయను ఉత్త చేతులతో తీసేస్తారు కదా, అక్కడి నుంచి. కాచని పాల నుంచి కూడా. డాక్టర్‌కు మీరు చెప్పకపోతే ఆయన అడగకపోవచ్చు, లోపలికి అడుగు పెట్టగానే "మాకు గొర్లున్నయి" అని చెప్పండి, మందలో ఈ మధ్య పిల్లలు పోయాయా అన్నది కూడా. దీనికి వేరే రక్తపరీక్ష ఉంది. రెండు రకాల మందులు కలిపి వాడాలి, వెన్నుకు పాకితే కనీసం మూడు నెలలు. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది, టైఫాయిడ్ అనుకున్న జ్వరం మీ ఆయనకు తిరగబెట్టినట్టే. ఈనే కాలంలో గ్లౌజులు వేసుకోమనండి, నవ్వుకున్నా పర్వాలేదు.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. అమ్మకు 62 ఏళ్లు. నడుము కర్రలా బిగిసిపోయింది, వంగలేదు, మెడ తిప్పలేదు. మా దగ్గర ఫ్లోరైడ్‌తో అందరికీ ఇంతే అని ఊరుకున్నాం. రెండు నెలల నుంచి కాళ్లు బరువెక్కి పడిపోతోంది. ఇది కూడా ఫ్లోరైడేనా? చూపించినా లాభం లేదంటున్నారు.

జవాబు: "అందరికీ ఇంతే" అన్న మాట మీ మండలంలో ఫ్లోరైడ్ కన్నా ఎక్కువ కాళ్లు తీసిందేమో అనిపిస్తుంది నాకు. బిగింపు ఫ్లోరైడ్‌దే కావచ్చు. ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడి బరువెక్కుతుంది, పూసలను పట్టి ఉంచే పట్టీలు సున్నం పట్టి రాయిలా అవుతాయి. మీరే చూడొచ్చు: మోకాళ్లు వంచకుండా నేల మీద రూపాయి బిళ్ల తీయగలదా, గడ్డం ఛాతీకి ఆనుతుందా, చేతులు పక్కకు చాచి తల వెనక పెట్టుకోగలదా. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనబడితే దాదాపు ఖాయం.

కానీ కాళ్లు బరువెక్కి పడిపోవడం కొత్త సంగతి. గట్టిపడిన పట్టీలు లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కుతున్నాయేమో చూడాలి, మెడ దగ్గరైనా వీపు దగ్గరైనా. అది ఎమ్మారైలో తెలుస్తుంది, కొందరికి ఆపరేషన్‌తో ఒత్తిడి తీసేయొచ్చు, నడక పూర్తిగా పోకముందే చేస్తే ఫలితం ఉంటుంది. ఇంకొకటి, ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టినంత మాత్రాన మిగతా జబ్బులు మనల్ని వదిలేయవు. 62 ఏళ్లకు కొత్తగా మారిన నడుం నొప్పి అంటే నేను రొమ్ములో గడ్డ ఉందా, గతంలో క్యాన్సర్ వచ్చిందా అని అడుగుతాను, రక్తం శాతం, ఈఎస్‌ఆర్, కాల్షియం, కిడ్నీ పరీక్షలు రాస్తాను. మైలోమా అని ఎముక మజ్జ క్యాన్సర్ ఒకటుంది, రక్తం తగ్గిపోవడం, కిడ్నీ దెబ్బతినడం, వెన్ను నొప్పి మూడూ కలిసి వస్తే దాన్ని వెతకాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, కార్డు వెంట పెట్టుకుని ఈ వారమే బయల్దేరండి. బీబీనగర్ ఎయిమ్స్ కూడా మీకు మరీ దూరమేం కాదు.

నీళ్ల మాట: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటుంది, నాగ్‌పూర్ నీరీ సంస్థ రూపొందించింది, దానికి పేరే నల్గొండ టెక్నిక్. జబ్బుతో పాటు విరుగుడుకూ మన జిల్లా పేరే పెట్టారు, ఏం చేస్తాం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నప్పుడు పాత బోరు జోలికి పోవద్దు, వంటకు కూడా. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ తొందరగా దిగదు గానీ కొత్తది చేరకుండా ఆపొచ్చు.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నా. మా నానమ్మకు 68. కీళ్ల నొప్పులకు నాలుగేళ్ల నుంచి ఊళ్లో చిన్న తెల్ల మాత్ర, అప్పుడప్పుడు సూది. మంచి గుణం ఉండేది. పోయిన వారం బకెట్ లేపగానే నడుంలో టక్కుమంది, పక్క తిరగలేకపోతోంది.

జవాబు: ముఖం గుండ్రంగా నున్నగా ఉబ్బిందా? చర్మం పల్చబడి ఊరికే కమిలిపోతోందా? అయితే ఆ చిన్న తెల్ల మాత్ర స్టెరాయిడ్ కావచ్చు. డెక్సామెథాసోన్ లాంటివి ఒక్క రోజులో లేపి నిలబెడతాయి, నాలుగేళ్లలో ఎముకను గుల్ల చేస్తాయి. టక్కుమన్నది పూస కుంగిపోవడం, ఎక్స్‌రేలో ముందువైపు అణిగి కనబడుతుంది. పెద్ద దెబ్బ తగలాల్సిన పని లేదు, ఒక బకెట్, ఒక దగ్గు చాలు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో అతుక్కుంటుంది, ఎముక బలానికి వేరే మందులు మొదలుపెట్టాలి, లేకపోతే రెండో పూస దాని వెనకే కుంగుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: ఈ ఉత్తరం చదివి ఆ మాత్ర ఇవాళే చెత్తబుట్టలో వేయొద్దు. ఇన్నేళ్లు వాడితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది, ఒక్కసారిగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మెల్లగా తగ్గించాలి, డాక్టర్ చెప్పిన లెక్కలో. ఆ మాత్రల అట్ట ముక్క ఒకటి తీసుకుని పొండి, చీటీ లేకపోయినా దాని మీద పేరుంటుంది.

ప్రశ్న: గీత కార్మికుల కుటుంబం మాది. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లను ఎట్ల లేపాలి?

జవాబు: లేపొద్దు. చేతులు ఇద్దరు, కాళ్లు ఇద్దరు పట్టి ఆటోలో వేస్తారు, తెగని వెన్నుపాము అక్కడ తెగుతుంది. 108కి ఫోన్ చేయండి, మెడ కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోండి. తప్పనిసరిగా కదిలించాల్సి వస్తే నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు ఒకేసారి పక్కకు తిప్పి కింద తలుపు చెక్క పెట్టండి. మెత్తటి మంచం, భుజం మీద మోత, రెండూ వద్దు.

ప్రశ్న: నా వయసు 24, నల్గొండలో డిగ్రీ అయిపోయి కోచింగ్ తీసుకుంటున్నాను. ఏడాది నుంచి పొద్దున లేవగానే నడుం బిగుసుకుని గంటసేపు పడుతుంది, తిరిగితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. పోయిన నెల కన్ను ఎర్రబడింది. కుర్చీ మార్చమన్నారు, మార్చాను.

జవాబు: కుర్చీ తప్పేం లేదు. పని చేస్తే పెరిగి, పడుకుంటే తగ్గేది మామూలు నొప్పి. నీది తిరగేసి ఉంది, పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. 45 ఏళ్ల లోపు మొదలై, మూడు నెలలు దాటి, పొద్దున అరగంటకు మించి బిగుసుకుంటే అది వాపు వల్ల వచ్చే వెన్ను జబ్బేమో చూడాలి, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. కన్ను ఎర్రబడటం దాని బంధువే కావచ్చు, కంటి డాక్టర్‌కు కూడా చూపించు. ఒక టేపు తీసుకుని చూడొచ్చు: నడుం కింద రెండు గుంటలుంటాయి కదా, ఆ గీత మీంచి పైకి 10 సెంటీమీటర్లు, కిందికి 5 గుర్తు పెట్టి వంగితే ఆ 15 కనీసం 20 కావాలి. కాకపోతే వెన్ను సాగడం లేదని అర్థం. హెచ్‌ఎల్ఏ-బీ27 అని ఈ జబ్బుతో ముడిపడిన జన్యువును చూసే పరీక్ష రాస్తారు, అది ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లేనంత మాత్రాన లేనట్టూ కాదు. రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బుల డాక్టర్) దగ్గరికి పో. దీన్ని పట్టుకోవడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది, నువ్వు ఏడాదికే అడిగావు, మంచిదైంది.

ప్రశ్న: సిజేరియన్‌కు నడుంలో మత్తు సూది ఇచ్చారు, అప్పటి నుంచి నడుం నొప్పి. జీవితాంతం ఇంతేనా?

జవాబు: కాదమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, అందుకని ఎవరి నడుం నొప్పికైనా ఆ సూది ఒకటి సిద్ధంగా దొరుకుతుంది. సూది పొడిచిన చోట కొన్ని రోజులు సలుపు ఉంటుంది, అంతే. సూది పడని తల్లులకూ దాదాపు ఇంతే నొప్పి ఉంటుంది: సాగిన పొట్ట కండరాలు, వదులైన కీళ్లు, వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం. గోడకు ఆనుకుని ఒళ్లో దిండు పెట్టుకుని బిడ్డను పైకి తెచ్చుకోండి, మీరు వంగొద్దు. జ్వరం ఉన్నా, కాళ్లలో బలం తగ్గినా మాత్రం ఆగకుండా చూపించుకోండి.

ప్రశ్న: సార్, మా మామకు 72. రెండు నెలల సంది నడుం నొప్పి, రాత్రి ఎక్కువ. ఒంటేలుకు నాలుగుసార్లు లేస్తడు. సన్నబడ్డడు. మా వాడకట్టుల కాళ్లు ముందు పుట్టిన పిలగాడు ఉన్నడు, నడుం మీద తొక్కిస్తే పోతదంటున్నరు. తొక్కియ్యమంటారా? (అచ్చంపేట)

జవాబు: మీకు తెలియక అడిగారు గానీ, నేనూ కాళ్లు ముందు పుట్టినవాణ్ణే. ఏడెనిమిదేళ్ల వయసులో పొద్దున్నే మా వాకిట్లో నడుం పట్టేసినవాళ్లు బోర్లా పడుకునేవాళ్లు, నేను పళ్లు తోముకుంటూ వచ్చి తొక్కేవాణ్ణి, బెల్లం ముక్క ఇచ్చేవాళ్లు. చాలామందికి తగ్గేది కూడా. పైన రాశాను కదా, ఎక్కువ మందికి ఈ నొప్పి వారాల్లో దానంతటదే చాలావరకు తగ్గిపోతుందని, ఆ బెల్లమంతా నేను ఊరికే తిన్నానన్న సంగతి మెడికల్ కాలేజీకి వెళ్లాక గాని తెలియలేదు.

మీ మామ సంగతి వేరు. రాత్రి మూత్రానికి లేవడం ఆ వయసులో మగవాళ్లకు మామూలే, ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వల్ల. కానీ దాంతో పాటు రాత్రి పెరిగే నడుం నొప్పి, సన్నబడటం కలిశాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే ముందు పోయేది నడుం పూసలకూ కటి ఎముకలకే. విడివిడిగా చూస్తే ఒక్కోటి ఏమీ కాకపోవచ్చు, మూడూ ఒక మనిషిలో చేరినప్పుడు చూడకుండా వదలకూడదు. ప్రోస్టేట్ సంగతి చెప్పే పీఎస్ఏ రక్తపరీక్ష, నడుం ఎక్స్‌రే, డాక్టర్ వేలితో ప్రోస్టేట్ చూడటం, ముందు ఈ మూడు చేయించండి. క్యాన్సరే తేలినా హార్మోన్ మందులతో నొప్పి బాగా తగ్గి ఏళ్లు గడిపేవాళ్లున్నారు. ఈలోగా కాళ్లు తూలినా, మూత్రం బిగిసినా రిపోర్టుల కోసం ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రి.

పిలగాడితో తొక్కించడం మాత్రం వద్దు, ఆ పూస ఏ స్థితిలో ఉందో మనకింకా తెలియదు. వాడికి బెల్లం ఇవ్వాలనుంటే ఊరికే ఇవ్వండి.